మూడో పన్ను

చిన్నప్పుడు పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి పెంకుటింటి మీదకి విసిరేవాళ్ళం. కొత్తది తొందరగా వస్తుందని నాయనమ్మ చెప్పేది. వచ్చేది కూడా. పైసా ఖర్చు లేదు. అలా ఉచితంగా వచ్చినవాటిని యాభై ఏళ్ళపాటు చెరుకుగడలతోనూ వేయించిన శనగలతోనూ అరగదీసి, పిప్పి పట్టినా పట్టించుకోకుండా తిరిగి, చివరికి ఎడమవైపు కింది దవడపళ్ళు రెండూ పీకించుకున్నాను.

పీకిన డాక్టరుగారు ఆ రోజే అన్నారు, ‘అలా ఖాళీగా వదిలెయ్యకండి’ అని. ఆ మాటలో నాకు వైద్యం కన్నా వ్యాపారమే ఎక్కువ వినపడింది. నవ్వితే కనపడే పళ్ళా ఏమన్నానా? కొన్నాళ్ళు నాలుక రోజంతా ఆ సందులోనే తచ్చాడింది, తర్వాత దానికీ విసుగొచ్చింది. కుడివైపు నమలడం అలవాటైంది. జంతికలు కాఫీలో ముంచుకుని తినడం నేర్చుకున్నాను. ఎనిమిదేళ్ళు గడిచాయి.

మొన్నీమధ్య స్కాన్ తీసి డాక్టరమ్మ తెరమీద చూపించింది. పళ్ళున్న చోట ఎముక దిట్టమైన చేనుగట్టులా ఉంది. లేని చోట అదే గట్టు వానలకి కోసుకుపోయినట్టు సన్నబడి, కుంగిపోయి ఉంది. నమిలే పని లేకపోతే దవడ ఎముక కరిగిపోతుందట. పైగా, కింద అడ్డుకునేవాడు లేడు కదా అని పైపన్ను కాస్త కిందికి దిగింది. ఖాళీ అనుకున్న చోట ఇన్నాళ్ళూ ఇంత వ్యవహారం నడుస్తోంది!

“బ్రిడ్జి వేయించుకుంటే సరిపోదా అమ్మా?” అన్నాను, ఎముకలోకి మేకు దించి దానిమీద పన్ను నిలబెట్టే ఇంప్లాంటు ధర విన్నాక.

“వంతెనకి రెండువైపులా స్తంభాలుండాలి కదండీ. మీకు ముందుంది, వెనక లేదు,” అంది.

తీసి పెట్టుకునే కట్టుడుపళ్ళు మా నాన్నగారు వాడారు. రాత్రిళ్ళు గ్లాసు నీళ్ళలోంచి అవి నవ్వుతూ ఉండేవి. ఆ దృశ్యం చాలు, ఇంప్లాంటుకే ఒప్పుకున్నాను.

ఈ వైద్యం పుట్టింది పళ్ళ ఆస్పత్రిలో కాదు, కుందేలు కాలిలో. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే ఆయన ఎముకలో నెత్తురు ఎలా పారుతుందో చూద్దామని కుందేళ్ళ కాలి ఎముకల్లో చిన్న టైటానియం గొట్టాలు అమర్చాడు. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక ఆ లోహాన్ని పట్టేసుకుంది. పరికరం పాడైందని విసుక్కోవలసిన చోట ఆయన ఆగి ఆలోచించాడు. 1965లో యోస్టా లార్సన్ అనే మనిషి దవడలో మొదటిసారి టైటానియం మేకులు దిగాయి. 2006లో లార్సన్ పోయేదాకా, అంటే నలభై ఏళ్ళు, అవి పనిచేశాయి. మామూలుగా ముల్లు గుచ్చుకుంటేనే చీముపట్టించి బయటికి నెట్టే ఒళ్ళు, ఈ లోహాన్ని ఎందుకంత ముద్దుచేస్తుందో నాకు ఇప్పటికీ వింతే.

నా వంతు వచ్చేసరికి ముందు షుగరు చూశారు, సిగరెట్ల సంగతి అడిగారు. ఎముక చాలని చోట పొడి వేసి పూడ్చారు. మత్తు సూది పొడిచాక నొప్పి లేదు కానీ చప్పుడు ఉంది, కొబ్బరిచిప్పకి చిల్లు పెడుతున్నట్టు. ఆపకుండా చల్లటి నీళ్ళు చిమ్ముతూనే ఉన్నారు. ఎముక వేడెక్కితే చచ్చిపోతుందట, చచ్చిన ఎముక మేకుని పట్టుకోదు. మేకు చూపించమన్నాను. సెంటీమీటరు పొడవుంటుంది, నాలుగు మిల్లీమీటర్ల లావు, చుట్టూ మరలు. దీనికా ఇంత ధర అనిపించింది. వారం రోజులు పెరుగన్నం తిన్నాను. ఆ తర్వాత నాలుగు నెలలు ఎదురుచూడటమే. ఎముక తన పని తను చేసుకుంటుంది, మనం తొందరపెట్టి లాభం లేదు.

“తాతయ్యా, నీ నోట్లో స్క్రూ ఉందా?” అని మనవడు టార్చి వేసి చూశాడు. వాడికీ అప్పుడే ముందుపన్ను ఊడింది. ఇద్దరం కలిసి ఎదురుచూశాం. వాడిదే ముందొచ్చింది.

మేకుల మీద పళ్ళలాంటి క్యాపులు బిగించిన వారానికి అన్నంలో రాయి తగిలింది, ఎడమవైపు. టక్కుమని చప్పుడైంది. అంతే, ఇంకేమీ లేదు. అసలు పంటి వేరుకీ ఎముకకీ మధ్య పల్చటి పొర ఒకటుంటుంది. వెంట్రుక పడ్డా కబురు చెప్పేది అదే. ఇంప్లాంటు సూటిగా ఎముకకే అతుక్కుంటుంది కాబట్టి ఆ కబురు ఉండదు. నమలడంలో లోటు లేదు, జంతికలు మళ్ళీ పొడిగానే తింటున్నాను. రాయేదో బియ్యమేదో మాత్రం దానికి అంతగా పట్టదు. పుచ్చిపోయే భయమూ లేదు. చుట్టూ ఉన్న చిగురు చెడితే మాత్రం మేకే కదిలిపోతుందన్నారు. అందుకని రాత్రిపూట చిన్న బ్రష్షుతో సందులు తోముతూ, పాతపళ్ళకి ఏనాడూ చెయ్యని సేవంతా వీటికి చేస్తున్నాను.

ఈసారి ఆవకాయలో టెంకముక్కలు కొరకొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, క్యాపు పెచ్చు లేస్తుందని. సరేనన్నాను. కుడివైపు కొరుకుతున్నాను.