గుమ్మడికాయకు మీసాలు

పోయిన దసరాకి మా ఇంట్లో ఒక చిన్న యుద్ధం జరిగింది. ఒక పక్క మా అమ్మ, ఇంకో పక్క నేను, మధ్యలో బూడిద గుమ్మడికాయ. ఆ కాయెక్కి కూర్చోవాలని చూస్తూ మా రెండున్నరేళ్ళ చిన్నది.

అసలు కథ న్యూజెర్సీలో మొదలైంది. అక్కడున్న మా పిన్ని కూతురు, వాళ్ళ బుడ్డోడు నారింజరంగు గుమ్మడికాయకి కళ్ళూ మూతీ గీస్తున్న ఫోటో పంపింది. హాలోవీన్ అక్టోబరు 31న అయినా వాళ్ళకి నెల ముందు నుంచే హడావుడి. మా ఆవిడ అది చూసి "మన దానితో కూడా చేయిద్దాం" అంది. నాకు నవ్వొచ్చింది. లాల్ దర్వాజలో ఉంటూ గుమ్మడికాయని అలంకరించడం అమెరికా నుంచి నేర్చుకోవాలా? దసరా వస్తే మన దగ్గర బండి ముందూ, దుకాణం ముందూ, గుమ్మం పైనా కాయ ఉండాల్సిందే. కొత్తగా కట్టే ఇళ్ళకి రాక్షసుడి మొహం గీసిన కాయలు వేలాడుతూనే ఉంటాయి. వాళ్ళు దయ్యాల్ని బెదిరిస్తారు, మనం దిష్టిని బెదిరిస్తాం. కాయ రకం వేరు, అంతే.

కానీ ఒక తేడా ఉంది. వాళ్ళకి అది పిల్లల పని. మనం మాత్రం పిల్లల్ని "ముట్టుకోకు" అంటాం, లేదా అసలు పట్టించుకోం.

సరే, పొద్దున్నే మీర్ ఆలం మండికి వెళ్ళి మూడు కిలోల కాయ తెచ్చాను. అమ్మ పళ్ళెం సర్దింది. పసుపు, కుంకుమ, సున్నం డబ్బీ, కర్పూరం, రూపాయి బిళ్ళ, కత్తి. ఆఫీసులో పక్కవాడి కోడ్‌లో తప్పులు వెతికే అలవాటు కొద్దీ దాని వంక చూశాను. ఆరింటిలో నాలుగు మా చిన్నదాని చేతికి అందకూడనివే!

కత్తి సంగతి చెప్పక్కర్లేదు. రూపాయి బిళ్ళ గొంతులో ఇరుక్కుంటుంది. కర్పూరం చూడ్డానికి పటికబెల్లం లాగే ఉంటుంది, కానీ చిన్న బిళ్ళ మింగినా పసిపిల్లలకి ఫిట్స్ రావచ్చు. మింగిందని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నాలు మాని నేరుగా ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఇక సున్నం. దీని గురించి నాకు బాగా తెలుసు.

నాకప్పుడు ఏడేళ్ళు, తమ్ముడికి మూడు. శాలిబండలో అద్దెకుండేవాళ్ళం. తాతయ్య పాన్ పెట్టెలోంచి సున్నం ట్యూబు తీసి గట్టిగా నొక్కాను, ఎంత దూరం పోతుందో చూద్దామని. పోయింది, తిన్నగా వాడి కంట్లోకి. ఇంట్లో అందరూ కొంగుతో తుడిచారు, నోటితో ఊదారు. ధారగా నీళ్ళు పొయ్యాలని ఎవరికీ తోచలేదు. ఇవాళ్టికీ వాడి ఎడమ కన్ను మసకే. వాడు నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది.

సున్నం క్షారం. కంటి పైపొర దగ్గర ఆగదు, లోపలికి దిగుతుంది. రేణువులు రెప్ప కింద ఇరుక్కుని కాలుస్తూనే ఉంటాయి. పడిన మరుక్షణం నుంచీ కనీసం ఇరవై నిమిషాలు శుభ్రమైన నీళ్ళు ధారగా పొయ్యాలి, నలపకూడదు. ఆ తర్వాతే కంటి ఆసుపత్రికి. మా వైపు వాళ్ళకి మెహదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది.

"ఏం గాదురా, మీరంతా గిట్లనే పెరగలేదా?" అంది అమ్మ.

"తమ్ముడు కూడానా?" అన్నాను.

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. సున్నం డబ్బీ తీసుకెళ్ళి అల్మారా పై అరలో పెట్టింది. కర్పూరం కూడా.

తర్వాత పని సులువే. కాయ మీది బూడిదా, గుచ్చుకునే నూగూ పోయేలా తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాం. దొర్లి కాలి మీద పడకుండా పాత చీర ముక్కతో చుట్టకుదురు చేసి దానిమీద కూర్చోబెట్టాం. రంగులన్నీ వంటింటివే. వంట పసుపు, బీట్‌రూట్ రసం, తెలుపుకి బియ్యప్పిండి. చిక్కదనానికి కాస్త గోధుమపిండి. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారే వింత పిల్లకి చూపించాలని నా సరదా. దానికి వంటసోడా వాడాను. సున్నం అంత ఎరుపు రాలేదు గానీ ఇటుకరంగు దాకా వచ్చింది. చిన్నది చప్పట్లు కొట్టింది. బొట్టుబిళ్ళలు మాత్రం ఇవ్వలేదు, నోట్లో పెట్టుకుంటుందని.

అరగంటలో పిల్లా, నేలా, నా లుంగీ, అన్నీ పసుపే. చివర్లో బీట్‌రూట్ వేలితో కాయకి అడ్డంగా రెండు గీతలు గీసింది. "ఇవేందే?" అని అడిగింది అమ్మ. "తాత మీసాలు!" అంది. ఈ తాత పోయి రెండేళ్ళయింది, అది ఫోటోలోనే చూసింది. అమ్మ నవ్వింది, కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ కాయ గుమ్మానికి నేనే కట్టాను. సాయంత్రం బండికి తీసిన ఇంకో చిన్న కాయని రోడ్డు మీద కొట్టలేదు, పెరట్లో మూలకి కొట్టి ఊడ్చేశాను. మా గల్లీలో సగం మంది బండ్ల మీదే తిరుగుతారు. మన దిష్టికాయ మీద ఎవడో జారి పడితే ఇక పోయిన దిష్టి ఎక్కడికి పోయినట్టు?

పిల్లల్ని పండక్కి దూరం పెట్టక్కర్లేదండీ, పళ్ళెంలోంచి నాలుగు వస్తువులు తీసేస్తే చాలు. ఇది చదివాక మీ ఇంట్లో సున్నం డబ్బీ ఏ అరలో ఉందో ఒకసారి లేచి చూడండి.