రైలుబడియు, మా కిటికీయు

మేము కొత్తగూడ ప్రాంతమున ఉపాధ్యాయులమై చేరిన తొలి సంవత్సరపు మాట ఇది. మా తరగతిలో ఒక కోయపిల్లవాడు కిటికీ యొద్ద కూర్చుండి, బయటి ఇప్పచెట్టు మీది పిట్టలతో తన భాషలో ఏదో చెప్పుచుండెడివాడు. మూడునాళ్లు మందలించి, నాల్గవనాడు కిటికీ మూయించితిమి. ఆ వారముననే వాడు బడి మానెను. హాజరుపట్టీలో వాని పేరు కొట్టివేయునపుడు మాకు విచారము కలుగలేదు సరికదా, తరగతి కుదుటబడినదని తోచెను. పంచకావ్యములును, షేక్‌స్పియరును చదివిన బుద్ధి అది!

కొన్నేండ్లకు 'రైలుబడి' మా చేతికి వచ్చినది. జపాను నటి తెత్సుకో కురోయానగి తన బాల్యమును గూర్చి 1981లో ప్రకటించిన 'తొత్తోచాన్' అను గ్రంథమునకు ఇది తెలుగు. పాఠము జరుగుచుండగా కిటికీ యొద్ద నిలిచి వీథి వాద్యగాండ్రను పిలిచినదనియు, పిట్టలతో మాటలాడినదనియు ఒకటవ తరగతిలోనే ఆ బాలికను బడినుండి వెడలగొట్టిరట. క్రొత్తబడి ప్రధానోపాధ్యాయుడు కొబయాషి సొసాకు కుర్చీ దగ్గరకు లాగుకొని, ఆమె చెప్పినదెల్ల నాలుగు గంటలసేపు వినెను. ఆ ఘట్టమున మేము పుస్తకము మూసి లేచిపోయితిమి. మా పిల్లవాని మాట మేము నాలుగు నిమిషములైన వినియుండలేదు.

కొబయాషి 1937లో టోక్యోలో నెలకొల్పిన ఆ బడికి పాత రైలుపెట్టెలే తరగతిగదులు. ఏ పాఠము ముందు చదువవలెనో పిల్లలే నిర్ణయించుకొనెడివారు. భోజనములో సముద్రమునుండి కొంత, కొండనుండి కొంత ఉండవలెనని అతని నియమము. మాకు సముద్రము లేదు గదా, అడవినుండి ఏమి తింటిరని మా పిల్లలను ఒక వేసవి ముందర అడిగితిమి. తునికిపండ్లు మాకును తెలియును; తక్కిన పేర్లు వారు మాకు నేర్పవలసి వచ్చెను.

1945లో విమానదాడులకు ఆ బడి దగ్ధమయ్యెను. మంటలను చూచుచునే కొబయాషి రాబోవు బడిని గూర్చి ఆలోచించెనట. ఆ సంకల్పము నెరవేరకయే 1963లో గతించెను.

గ్రంథకర్త్రి చాలకాలము దీనిని చలనచిత్రముగా తీయుటకు సమ్మతింపలేదు. తుదకు యకువా షిన్నొసుకె దర్శకత్వమున 2023 డిసెంబరులో బొమ్మల చిత్రము వెలువడెను. గ్రంథమున యుద్ధము పిల్లల ఆటల వెనుక నీడవలె మెలగును. చిత్రమున ముందునకు వచ్చును. పోలియో సోకిన నేస్తుడు యసుఆకి మరణింపగా, ఆ బాలిక అంత్యక్రియలనుండి వీథుల వెంట పరుగెత్తును. ఇరుప్రక్కల సైనికుల వీడ్కోళ్లు, యుద్ధపుటాటలాడు పిల్లలు, అస్థికలు మోయు స్త్రీలు. ఇది మూలమునకు మించిన కల్పన యనువారుందురు. మాకు మాత్రము గ్రంథము మాటలలో పెట్టక విడిచినదే ఇక్కడ కనబడినది.

గడచిన జూన్‌లో ఆ కోయపిల్లవాడే, ముప్పది యేండ్లవాడై, కూతురును బడిలో చేర్పింప వచ్చెను. మమ్ము గుర్తుపట్టెనో లేదో!

"దీనికి నోరెక్కువ సారూ, జర కోపం జేయకుండ్రి," అనెను.

కిటికీ మాట ఎత్తుటకు మాకు నోరు రాలేదు. కుర్చీ ఆ పాప దగ్గరకు జరుపుకొంటిమి. గంట కొట్టువరకు, ఇరువది నిమిషములు, ఆమె చెప్పుచునే యుండెను. కోయమాటలు సగము మాకు తెలియలేదు.