పోలీసు మన అరుగెక్కాలి

పోలీసులకూ ప్రజలకూ స్నేహం కుదరాలని సభల్లో తరచు వింటాం. అదెలా కుదురుతుందో కేరళ ఒక దారి చూపింది. 2008లో అక్కడ 20 స్టేషన్లలో 'జనమైత్రి సురక్ష' మొదలైంది. బీటు పోలీసు తన పరిధిలో ఇల్లిల్లూ తిరగాలి. ప్రతి కుటుంబంలో ఒక్కరినైనా ఎరిగి ఉండాలి. స్థానికులతో వేసిన సమితి నెలనెలా కూర్చుని ఆ ప్రాంతపు కష్టసుఖాలు మాట్లాడుకోవాలి.

మాది వ్యవసాయ కుటుంబం. నిరుడు మా బోరు దగ్గర మోటారు వైరు ఎవరో కోసుకుపోయారు. స్టేషనుకు వెళదామన్నాను. "ఎందుకురా? వైరు ఎటూ పోయింది. వాళ్ళ చుట్టూ తిరిగితే నాట్లు కూడా పోతాయి" అన్నాడు నాన్న. అప్పు చేసి కొత్తది వేయించాడు. ఆ వారంలోనే మరో ఇద్దరి వైర్లూ పోయాయి. వాళ్ళూ నోరు మెదపలేదు. సైన్సు చదువుతున్నాను గనుక చెబుతున్నాను: రాయని రీడింగు ప్రయోగంలో లేనట్టే. ఆ మూడు దొంగతనాలూ ఏ లెక్కలోనూ లేవు.

ఒక్క జాగ్రత్త అవసరం. సమితిలో కుర్చీలన్నీ ఊరి పెద్దలే ఆక్రమిస్తే కూలివాడి గోడు వినేదెవరు? అతనికీ, ఆడవాళ్ళకూ అక్కడ చోటుండాలి.

మిత్రులారా! రేపు మనలో కొందరు ఖాకీ తొడగవచ్చు. ఫిర్యాదులు రాలేదని సంతోషించక, ముందు జనం అరుగెక్కి పలకరించండి.