ఎండ కన్నెరగని బిడ్డ

మా చిన్నవాడికి మూడోయేడు. ఎంత పిలిచినా పలకడు. "వీడికి పెంకితనం ఎక్కువయింది" అని నేను, "అచ్చం మీ పోలికే" అని మా ఆవిడ. ఒకనాడు వీపుమీద ఒకటి అంటించాను కూడా. ఆ రాత్రి వాడు చెవి పట్టుకుని తెల్లవార్లూ ఏడ్చాడు.

ఆర్నెల్లలో అది నాలుగో చెవిపోటు. మా అమ్మ వెల్లుల్లి కాచిన నూనె పోయబోవడం, నేను అడ్డుపడడం, మందులతో తగ్గడం, జలుబు చేయగానే మళ్ళీ రావడం - ఇదీ వరస. మన్యంలో, కొయ్యూరులో మా కాపురం. ఈసారి నర్సీపట్నం తీసుకువెళ్ళాం.

డాక్టరుగారు చెవిలోకి దీపం వేసి చూశారు. "కర్ణభేరి వెనక నీరు చేరిందండీ. వీడు వినక కాదు, వినపడక" అన్నారు. తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి. మాట వినడానికి రెండర్థాలున్నాయని నాకింకొకరు చెప్పవలసివచ్చింది!

పసివాళ్ళకు ముక్కు వెనకనుంచి చెవికి పోయే గొట్టం పొట్టిగా, ఇంచుమించు అడ్డంగా ఉంటుందట. జలుబుకు అది వాచి మూసుకుంటే లోపల నీరు నిలిచి క్రిములు చేరతాయి. రక్తపరీక్షలో డి విటమిను బాగా తక్కువని కూడా తేలింది.

"కొయ్యూరులో ఎండకు కరువా, డాక్టరుగారూ?"

"ఎండకు కరువు లేదు. వీడికి తగలనిస్తున్నారా?"

నిజమే. నల్లబడతాడనీ, వడకొడుతుందనీ ఎండ కన్నెరగకుండా పెంచాం. కిటికీలో కూర్చోబెడతామంటే, అద్దం దాటి వచ్చిన ఎండకు ఆ గుణం ఉండదన్నారు. పొద్దుటి నీరెండలోనూ అది బహు తక్కువేనట.

ఇటలీవారి పరిశీలన ఒకటి 2013లో అచ్చయింది. మాటిమాటికీ చెవిపోటు వచ్చే పిల్లల్లో 58 మందికి నాలుగు నెలలపాటు రోజూ 1000 యూనిట్ల డి విటమిను ఇచ్చారు. మరో 58 మందికి ఇవ్వలేదు. ఇచ్చినవారిలో 26 మందికి, ఇవ్వనివారిలో 38 మందికి మళ్ళీ వచ్చింది. మా ఆవిడ ముఖం విప్పారింది.

"26 మందికి వచ్చింది కదమ్మా! ఇది చెవిమందు కాదు. లోటుంటే పూడ్చాలి, అంతే. చుక్కలు మీ అంతట మీరు పెంచకండి, ఎక్కువైతే కీడు" అని, "ఇంట్లో పొగ తాగేవారున్నారా?" అన్నారు.

మా ఆవిడ నావంక చూడలేదు. గోడమీది క్యాలెండరువంక చూసింది.

"అరుగుమీదేనండీ" అన్నాను.

"వాడు మీ ఒళ్ళో ఉండగానా?"

నేను మాట్లాడలేదు. పిల్లల చెవులకు ఆ పొగ చేసే చెరుపు గురించి ఆయన చెప్పినంతసేపూ, డి విటమినుమీద నేరం మోపి తప్పించుకుందామనుకున్న నా ఆశ కరిగిపోయింది.

చుక్కలు మొదలుపెట్టి మూడు నెలలయింది. సిగరెట్టు మానేసీ అంతే. మధ్యలో ఒక్కసారి చెవిపోటు వచ్చింది. దేనివల్ల తగ్గిందంటే చెప్పలేను; రెండూ ఒకే రోజున మొదలయ్యాయి.

నిన్న పెరట్లో ఆడుకుంటూంటే వెనకనుంచి మెల్లగా "నాన్నా" అని పిలిచాను. చటుక్కున తిరిగి చూశాడు. వచ్చాడా అంటే, రాలేదు. అది మాత్రం పెంకితనమే.