పాదానికి ఆపరేషన్, మత్తు ఎక్కడిదాకా?



పాదానికి ఆపరేషన్ అనగానే ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు: "నడుముకి సూది వేస్తారట, ఇక జన్మంతా నడుంనొప్పే." సూది పొడిచిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు గానీ, ఏళ్ల తరబడి వేధించే నడుంనొప్పిని దాని నెత్తిన వేయడం అన్యాయం. ఈ సూదితో తలనొప్పి రావచ్చన్న మాట మాత్రం నిజమే. 1898లో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ ఈ నడుము సూది మత్తు మొదటిసారి ఇచ్చింది కూడా చీలమండ ఆపరేషన్‌కే. తర్వాత తన వెన్నులోనూ సూది వేయించుకుని, రోజుల తరబడి తలనొప్పితో మంచం పట్టాడు పాపం. ఇప్పటి సన్న సూదులతో ఆ బాధ బాగా తగ్గింది.

అసలు చాలా ఆపరేషన్లకు నడుము దాకా పోనక్కరలేదు. గోరు తీయడానికి వేలి మొదట్లో సూది చాలు. పాదం ముందు భాగానికైతే ఆంకిల్ బ్లాక్ ఉంది. పాదానికి స్పర్శనిచ్చే నరాలు అయిదు. చీలమండ దగ్గర వాటి చుట్టూ మందు వేస్తే పాదం మొద్దుబారుతుంది, మీరు మెలకువగానే ఉంటారు. షుగర్ ముదిరి వేలు తీయాల్సి వచ్చిన పెద్దవాళ్లకు, అందులోనూ గుండె బలహీనంగా ఉంటే, నేనైతే ముందు దీని గురించే అడగమంటాను. రక్తం ఆపడానికి తొడకు పట్టీ బిగించాల్సి వస్తే మాత్రం ఇది సరిపోదు, ఆ పట్టీ నొప్పి ఓర్చుకోలేం. మడమ, చీలమండ ఎముకలకు మోకాలి వెనక బ్లాక్ గానీ, నడుము సూది గానీ వాడతారు. కదలకుండా ఉండలేని పసివాళ్లకు సాధారణంగా పూర్తి మత్తే.

ఏది తగునో సర్జన్‌తో పాటు మత్తు డాక్టర్‌నీ ముందే కలిసి అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. నడుము సూది ఇవ్వాలా వద్దా అన్నది దాన్నిబట్టి మారవచ్చు. మీ అంతట మీరు మాత్రం ఆ మాత్రలు ఆపకండి.

బ్లాక్ ఇచ్చి ఉంటే, ఇంటికొచ్చాక పాదం ఇంకా మొద్దుగానే ఉండొచ్చు. బాగానే ఉంది కదా అని దాని మీద నిలబడకండి, వేడినీళ్ల కాపడం పెట్టకండి, కాలినా తెలియదు. కొన్ని మందుల మత్తు రాత్రి దాకా ఉండి, నడిరేయి ఒక్కసారిగా దిగుతుంది. అందుకని డాక్టర్ రాసిన నొప్పి మాత్ర తిమ్మిరి పూర్తిగా వదలకముందే వేసుకోండి.