పెట్టే బేడా

మీ ఇంట్లో ఎన్ని సూట్‌కేసులున్నాయి? వీలైతే ఇప్పుడే లెక్కపెట్టి చూడండి. గరాజ్‌లో ఉన్నవి, మంచం కింద ఉన్నవి, పెద్ద పెట్టె కడుపులో దాక్కున్న చిన్న పెట్టెలు, అన్నీ లెక్కలోకి రావాలి. మా ఇంట్లో పదకొండు తేలాయి. ఇంట్లో ఉండేది నలుగురం. ఏడాదికి ఒక్కసారి ప్రయాణం చేస్తే గొప్ప.

నేను శాక్రమెంటోలో బడి టీచర్ని. పుట్టింది ఫిజీలో, బా పట్టణం దగ్గర, చెరకు తోటల మధ్య. అక్కడ ఇంట్లో ఫిజీ హిందీయే మాట్లాడేవాళ్లం. తెలుగు అక్షరాలు ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాను. ముప్పై దాటిన వయసులో, గుడి తరగతిలో చిన్న పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. కాబట్టి మీకూ నాకూ తెలిసిన తేలిక మాటల్లోనే రాస్తాను. రెండు జంట మాటలు మాత్రం ముందే చెప్పాలి. మూట అంటే గుడ్డలో కట్టుకున్నది, ముల్లె అంటే డబ్బు సంచి. "మూటా ముల్లె" అంటే మనిషి వెంట ఉన్న ఆస్తంతా. "పెట్టే బేడా సర్దుకోవడం" అంటే ఉన్నదంతా తీసుకుని బయలుదేరడం. మన కుటుంబాల కథ చాలావరకు ఈ రెండు మాటల్లోనే ఉంది.

మా ముత్తాత 1911లో విశాఖపట్నం జిల్లా నుంచి వెళ్లి మద్రాసులో ఓడ ఎక్కాడు. 1879 నుంచి 1916 దాకా గిర్మిట్ మీద ఫిజీకి వెళ్లినవాళ్లు 60 వేలకు పైనే. మొదట్లో ఓడలు కలకత్తా నుంచే వెళ్లేవి. 1903 నుంచి మద్రాసు నుంచి కూడా వెళ్లాయి. అలా మద్రాసు నుంచి వెళ్లిన సుమారు 15 వేలమందిలో మనవాళ్లున్నారు. ముత్తాత చేతిలో ఉన్నది మూట ఒక్కటేనని నాయనమ్మ చెప్పేది. ఆయన ఎమిగ్రేషన్ పాస్ నకలు నా దగ్గర ఉంది. ఆ పాస్‌లను సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో భద్రపరిచారు. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, అన్నీ అందులో రాసి ఉన్నాయి. సామాను అనే గడి మాత్రం లేదు.

తాతగారి కాలానికి ఇంట్లోకి రేకు పెట్టె వచ్చింది. మా కాలానికి సూట్‌కేసులు వచ్చాయి. 1987 మే 14న సైనికులు ఫిజీ పార్లమెంటులోకి వచ్చి ప్రభుత్వాన్ని పడగొట్టారు. ఆ తర్వాత వేలమంది మనవాళ్లు ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కెనడా, అమెరికా దారి పట్టారు. నాన్న నాలుగు పెద్ద సూట్‌కేసులు కొన్నాడు. 1997 నుంచి చెరకు భూముల కౌలు గడువులు తీరడం మొదలైంది. మా చిన్నాన్న సాగుచేసిన భూమి అలాగే చేయి జారింది. 2000లో మళ్లీ తిరుగుబాటు జరిగింది. ప్రతిసారీ చుట్టాలెవరో మా ఇంట్లో దిగారు. కొన్నాళ్లకు వాళ్లు సొంత ఇళ్లకు వెళ్లారు. వాళ్ల ఖాళీ పెట్టెలు మా గరాజ్‌లో ఉండిపోయాయి. పదకొండు అయింది అలాగే.

ఇక వీటిని ఏం చేయాలి? నేను చేసింది చెబుతాను. మీకు పనికొస్తే తీసుకోండి.

మొదట ఖాళీ పెట్టెను తూకం వేయండి. ఇప్పుడు చాలా విమానాల్లో ఒక్కో పెట్టె 23 కిలోలు దాటకూడదు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 62 అంగుళాలు మించకూడదు. నాన్న కొన్న గట్టి పెట్టె ఖాళీగానే 7 కిలోలు తూగింది. దాన్ని తీసుకెళ్తే సామానుకు మిగిలేది 16 కిలోలే. ఇలాంటి పెట్టె మళ్లీ విమానం ఎక్కదు. ఎక్కించాలనీ మీకు అనిపించదు.

తర్వాత చక్రాలు, పిడి, జిప్పు చూడండి. మూడింటికి ఇవేవీ సరిగా లేవు. సూట్‌కేసులో ప్లాస్టిక్కు, ఇనుము, గుడ్డ కలిసి ఉంటాయి కాబట్టి రీసైక్లింగ్ డబ్బాలో వేయకూడదు. పెద్ద చెత్త తీసుకెళ్లే బండికి ముందుగా చెప్పి ఆ మూడింటినీ పంపించాను.

పారేసే ముందు అరలన్నీ తడిమి చూడండి. లోపలి గుడ్డ వెనక కూడా చేయి పెట్టండి. నాకు ఒక విమానం చీటీ దొరికింది. దాని మీద ఎన్.ఏ.ఎన్. అని మూడు అక్షరాలున్నాయి. అది నాడి విమానాశ్రయం గుర్తు. ఇంగ్లీషులో అలా రాసినా మేము నంది అనే పలుకుతాం. ఆ చీటీని నా తెలుగు నోటుపుస్తకంలో పెట్టుకున్నాను. చీటీకి చోటు ఎంతో అక్కర్లేదు. పెట్టెకు కావాలి.

మిగిలినవాటిలో ఐదు బాగానే ఉన్నాయి. అవి ఎవరికి ఇవ్వాలో నాకు బడిలోనే తెలిసింది. అమ్మానాన్నల దగ్గర ఉండలేని పిల్లలను ఇక్కడి ప్రభుత్వం వేరేవాళ్ల ఇళ్లలో ఉంచుతుంది. దీన్ని ఫోస్టర్ కేర్ అంటారు. ఆ పిల్లలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుతూ ఉంటారు. నా తరగతిలో ఒక పిల్లాడు ఇల్లు మారే రోజున నల్లటి చెత్త సంచి మోసుకుంటూ వచ్చాడు. బట్టలు, బూట్లు, ఒక బొమ్మ, అన్నీ అందులోనే. పక్కవాళ్లు చూడకుండా దాన్ని బల్ల కిందికి తోసి, రోజంతా కాళ్లు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

నూరేళ్లు దాటాక, ఇంత డబ్బున్న దేశంలో, ఒక పిల్లాడి మూటను చూశాను. మా ఇంట్లో పది పెట్టెలు ఖాళీగా ఉన్నాయి.

ఇలాంటి పిల్లల కోసం, కొత్తగా వచ్చిన శరణార్థుల కోసం పెట్టెలు తీసుకునే సంస్థలు చాలా ఊళ్లలో ఉన్నాయి. ముందు ఫోన్ చేసి అడగండి. కొందరు కొత్తవే తీసుకుంటారు, కొందరు వాడినవి కూడా తీసుకుంటారు. లోపల వంటసోడా చల్లి, ఒక రాత్రి మూసి ఉంచి, పొద్దున దులిపి, ఎండలో పెడితే ముక్కవాసన పోతుంది. మీ పేరు, చిరునామా ఉన్న చీటీలు తీసేయండి. మనం కట్టుకోవడానికి సిగ్గుపడే చీర ఇంకొకరికి పెట్టం కదా, పెట్టె కూడా అంతే.

ప్రయాణాలకు రెండు తేలికైనవి ఉంచుకున్నాం. ఇక మిగిలింది ఒక్కటి, అమ్మ గోధుమరంగు పెట్టె.

అది గరాజ్‌లో లేదు. ఆమె మంచం పక్కనే ఉంది. అమ్మకు ఎనభై దాటాయి. అందులో పాత పాస్‌పోర్టులు, చేతి నుంచి పోయిన భూమి కౌలు కాగితాలు, చెరకు తూకం చీట్లు, నాన్న ఫోటోలు ఉన్నాయి. రెండు చీరలు, ఒక తువ్వాలు కూడా ఎప్పుడూ సర్ది ఉంటాయి. కాగితాలను స్కాన్ చేసి మంచి డబ్బాలో పెడతానని, పెట్టె బరువుగా ఉంది, కాలికి తగులుతోందని చెప్పాను. "ఉండనీ" అంది అమ్మ తన ఫిజీ హిందీలో. "మీ నాన్న కూడా ఇక వెళ్లే పని లేదనుకున్నాడు. మూడు వారాల్లో సర్దుకున్నాం."

నా దగ్గర దానికి జవాబు లేదు. నాకు ఈ ఊళ్లో ఇల్లుంది, ఉద్యోగం ఉంది, పిల్ల కాలేజీ ఉంది. అమ్మకూ ఇవన్నీ తెలుసు. బా దగ్గర మాకు ఇవన్నీ ఉండేవని కూడా ఆమెకు తెలుసు. కాగితాలను మాత్రం ఆమె పక్కన కూర్చుని ఒక్కొక్కటిగా ఫోనుతో ఫోటో తీశాను. ఎవరిది ఏమిటో ఆమె చెబుతుంటే వెనక పెన్సిల్‌తో రాశాను. మళ్లీ అదే వరసలో పెట్టెలో పెట్టేశాం. రెండు చీరల్లో ఒకటి పాతబడిందని అమ్మే తీసి, కొత్తది పెట్టింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఒకటి ఉండొచ్చు. దాన్ని లెక్కలో వేయకండి. పెద్దవాళ్లను అడగకుండా తెరవకండి. తెరిచినప్పుడు మాత్రం పెన్సిల్ దగ్గర ఉంచుకుని, పేర్లు రాసుకోండి. మిగిలిన ఖాళీ పెట్టెలను ఈ నెలలోనే బయటికి తీయండి. మీ ఇంట్లో ఎన్ని తేలాయో, ఎవరికి ఇచ్చారో మన పత్రికకు నాలుగు వాక్యాలు రాయండి. తెలుగులోనే రాయండి. గుణింతం తప్పులు దిద్దడానికి నేనున్నాను.