ఊపిరి వినే చెవి



మనిషికీ పశువుకూ ఉన్న ఊపిరి ఒకే రకమైనదని ప్రసంగి గ్రంథం 3వ అధ్యాయంలో జ్ఞాని చెప్తాడు. చాలామందిమి చదివి దాటిపోయే మాట అది. "మనల్ని పశువులతో కలిపేశాడేంది అయ్యగారూ?" అని కూటాల్లో అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఈ మధ్య మేము ఆ మాట దగ్గర కొన్ని రోజులు ఆగిపోయాం. దానికి కారణం ఒక గుర్రం.

మా దేవరకొండ వైపు ఇప్పుడు గుర్రమంటే పెళ్లి బరాత్ గుర్రమే. మాకు తెలిసిన ఒక పెద్దాయన అలాంటి గుర్రాన్ని సాకుతున్నాడు. ఇంటిల్లిపాదీ దాని మీదే బతుకుతారు. పెళ్లిళ్ల సీజను మొదలయ్యే ముందు అది దగ్గడం మొదలుపెట్టింది. నాలుగడుగులు వేస్తే ముక్కుపుటాలు పెద్దవయ్యేవి. "పాస్టర్ సాబ్, మీరూ దువా చేయండి" అని ఆయన అడిగితే ప్రార్థన చేశాం, పశువుల డాక్టరు వచ్చినప్పుడు తోడుగా కూడా ఉన్నాం.

డాక్టరుగారు స్టెతస్కోపు గుర్రం పక్కటెముకల మీద పెట్టి చాలాసేపు విన్నారు. తర్వాత మా చెవులకూ ఇచ్చారు. మాకేమీ వినబడలేదు! అంత పెద్ద జంతువు, అంత పెద్ద ఛాతీ, అయినా నిశ్శబ్దం. ఆయన నవ్వి ఇలా వివరించారు. మనకు 12 జతల పక్కటెముకలుంటే గుర్రానికి 18 జతలు. పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తే, నిలబడి ఉన్న గుర్రం 8 నుంచి 16 సార్లే తీస్తుంది. అదీ ముక్కుతోనే, నోటితో తీయలేదు. ఊపిరి నెమ్మది, ఛాతీ గోడ మందం. అందుకే లోపల జబ్బున్నా నిలబడి ఉన్నప్పుడు బయటపడకపోవచ్చు.

అప్పుడాయన ఒక పెద్ద ప్లాస్టిక్ సంచిని గుర్రం ముక్కుపుటాలు రెండూ కప్పేలా వదులుగా పట్టుకున్నారు. వదిలిన గాలినే మళ్లీ పీల్చడంతో కాసేపటికి గుర్రం లోతుగా ఊపిరి తీయడం మొదలుపెట్టింది. ఊపిరాడక బాధపడుతున్న గుర్రానికి మాత్రం ఇలా చేయకూడదని కూడా చెప్పారు. ఇప్పుడు వినమన్నారు. ఈసారి వినబడింది. సన్నటి పిల్లికూతలు, మధ్యమధ్య చిటపటలు. నాలుగు వెంట్రుకలు చెవి దగ్గర వేళ్ల మధ్య నలిపితే వచ్చే శబ్దంలాంటిది. మనుషుల ఛాతీలో వినబడే శబ్దాలూ ఇవేనట. బూజు పట్టిన గడ్డి దుమ్ము, గాలి ఆడని కొట్టం ఆ గుర్రానికి దమ్ము తెచ్చాయి. మందులు రాసి, గడ్డి తడిపి వేయమని, ఆరుబయట కట్టేయమని చెప్పి వెళ్లారు.

ప్రియులారా, ఆ స్టెతస్కోపు పుట్టిన సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1816లో పారిస్‌లో లెన్నెక్ అనే వైద్యుడి దగ్గరికి గుండెజబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. అప్పట్లో ఛాతీకి చెవి ఆనించి వినేవారు. ఆమె ఛాతీకి చెవి ఆనించడం మర్యాద కాదనిపించి ఆయన కాగితాలను గొట్టంలా చుట్టి, ఒక కొన ఆమె ఛాతీ మీద, ఇంకో కొన తన చెవికి పెట్టుకున్నాడు. దూరం జరిగితే తక్కువ వినబడుతుందనుకున్నాడేమో, మరింత స్పష్టంగా వినబడింది. తర్వాత చెక్క గొట్టం చేశాడు, 1819లో పుస్తకం రాశాడు. క్షయ రోగుల ఊపిరితిత్తులను ఓపికగా విన్న ఆ మనిషే 1826లో క్షయతో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 45 ఏళ్లు.

ఒకరి మర్యాద కాపాడాలన్న ఆలోచన నుంచి పుట్టిన పరికరం అది. సేవకులమైన మాకు ఇందులో పెద్ద పాఠం ఉంది. మనిషి బాధ వినాలంటే అతని గౌరవం తీసేయనక్కర్లేదు. పదిమందిలో నిలబెట్టి "నీ సంగతేంది?" అని అడిగితే ఎవరూ చెప్పరు. ఆదివారం ఆరాధన అయ్యాక చేయి కలిపి "బాగున్నావా తల్లీ?" అంటే "దేవుని దయ అయ్యగారూ, బాగున్న" అంటారు. అది నిలబడి ఉన్న గుర్రం ఊపిరిలాంటి జవాబు. అబద్ధమని కాదు, లోతు లేదు, అంతే.

మా సంఘంలో ఒక చెల్లి ఉంది. ఆమె ఒప్పుకున్నాకే, పేరు లేకుండా ఇది రాస్తున్నాం. తండా నుంచి వస్తుంది, పత్తి ఏరే పనికి పోతుంది. టీబీ అని తేలితే సర్కారు దవాఖానలో ఆరు నెలల గోలీలు మొదలుపెట్టారు. రెండు నెలలకు దగ్గు తగ్గింది, మనిషి కోలుకుంది. అందరం స్తోత్రం చెప్పుకున్నాం. ఆ తర్వాత కొన్ని వారాలకు మేమిద్దరం ఒక సంగతి గమనించాం. ఎప్పుడూ గొంతెత్తి పాడే మనిషి, పల్లవి సగంలో ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"గోలీలు ఏస్తున్నవా బిడ్డా?" అని అడిగాం. "ఏస్తున్న అయ్యగారూ." మరో వారం అడిగితే అదే జవాబు. మూడోసారి అమ్మగారు ఒక్కరే వాళ్లింటికి పోయి, పొయ్యి దగ్గర కూర్చుని, ఏమీ అడగకుండా చాలాసేపు ఉన్నారు. అప్పుడు బయటపడింది. "బంద్ చేసిన అమ్మగారూ. వేరే ఊర్ల కూటానికి పోతే, గోలీలు మింగితే దేవున్ని నమ్మనట్టేనన్నరు."

ఆ మాట మా గుండెల్లో ముల్లులా దిగింది. ప్రియులారా, టీబీ మందు సగంలో ఆపితే క్రిములు మిగిలిపోయి మళ్లీ పెరుగుతాయి, మందుకు లొంగనివిగా కూడా మారవచ్చు. అప్పుడు వైద్యం మరింత కష్టం. ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు.

హిజ్కియా రాజు సంగతి జ్ఞాపకం చేసుకోండి. రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయంలో అతను కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు విని 15 సంవత్సరాల ఆయుష్షు పొడిగించాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రార్థన విన్న దేవుడు ఆ ముద్దను వద్దనలేదు. మన ప్రాంతానికి సువార్త తెచ్చిన మెనోనైట్ బ్రదరెన్ మిషనరీలు కూడా మందుల పెట్టె వదిలిపెట్టి రాలేదు. డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో మన దేశానికి వచ్చి, 1945లో శంషాబాద్‌లో కన్నుమూసే వరకు ఈ నేల మీద రోగులకు సేవ చేశారు. ఆమె మందిచ్చిన చేతులే ప్రార్థనకూ జోడించారు.

ఇంకో మాట. పొలంలో కట్లపాము కరిస్తే ఊపిరి తీసే కండరాలే పడిపోతాయి. దానికి దవాఖానలో ఎక్కించే మందు గుర్రం రక్తం నుంచే తయారవుతుంది. మన పాత మహబూబ్‌నగర్ జిల్లా తిమ్మాపూర్‌లోని విన్స్ బయోప్రొడక్ట్స్ ఆ మందు తయారుచేస్తుంది. గుర్రానికి విషం కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. దాని రక్తంలో విరుగుడు పుడుతుంది. ఆ విరుగుడు మన బిడ్డ ఊపిరి నిలబెడుతుంది. మరొకరి రక్తం వల్ల బ్రతకడం ఏమిటో విశ్వాసులమైన మనకు వేరే చెప్పాలా? పాము కరిస్తే మంత్రానికి పోకండి, దవాఖానకు పరుగెత్తండి.

డాక్టర్లు ఛాతీని ఒక్కచోటే విని వదలరు. కుడివైపు విని, అదే చోట ఎడమవైపు వింటారు. శబ్దం చేసే చోటే కాదు, శబ్దం రాని చోట మరింత జాగ్రత్తగా వింటారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే అక్కడ నిశ్శబ్దమే ఉంటుంది. మన సంఘాల్లోనూ గట్టిగా ఏడ్చేవాళ్ల దగ్గరికి అందరం పోతాం. మాట్లాడడం మానేసినవాళ్ల దగ్గరికి ఎవరు పోతున్నారు? ఇంకా ఒకటి. గొట్టంతో విన్నంత మాత్రాన టీబీ తేలదు, గళ్ల పరీక్ష, ఎక్స్‌రే కావాలి. అలాగే మనం విన్నది చాలు అనుకోకుండా, మనిషిని సరైన చోటికి చేర్చాలి.

ఆ చెల్లిని వెంటబెట్టుకుని దవాఖానకు పోయాం. మళ్లీ పరీక్షలు చేసి మందు మొదలుపెట్టారు. ఇది నాలుగో నెల. పూర్తిగా నయమైందని సాక్ష్యం చెప్పే రోజు ఇంకా రాలేదు. రోజూ పొద్దున ఎవరో ఒక అక్క పోయి, ఆమె గోలీ మింగేదాకా కూర్చుని, ఒక చిన్న ప్రార్థన చేసి వస్తోంది. మీరూ ఆమెను జ్ఞాపకం చేసుకోండి. రెండు వారాలు దాటి దగ్గు తగ్గనివాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ వారమే పరీక్ష చేయించండి. సర్కారు దవాఖానలో పరీక్షా మందూ ఉచితమే.

నిమిషానికి 15 చొప్పున లెక్కేస్తే రోజుకు 21,600 సార్లు మనం ఊపిరి తీస్తాం. అందులో ఒక్కటీ మనం సంపాదించుకున్నది కాదు.

ప్రార్థన: మట్టిలో ఊపిరి ఊదిన తండ్రీ, మా ఊపిరి నీది. గాలిలో, భూకంపంలో, అగ్నిలో కాక మెల్లని స్వరంలో ఏలీయాతో మాట్లాడినవాడా, మెల్లగా మాట్లాడేవాళ్లను వినే చెవి మాకివ్వు. మందు మింగుతున్న ప్రతి బిడ్డకూ చివరి గోలీ వరకు ఓపిక దయచేయి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.